రెండుచోట్ల జరిగిన వైవా

నా ఉద్యోగకాలంలో మా విశ్వవిద్యాలయం పేపర్లోకెక్కిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కొన్ని మంచి కారణాలకి, కొన్ని హాస్టల్ సాంబారు కారణంగా. మంచి కారణాల్లో ఒకటి, మా శాఖ నుంచి ఒక మత్స్యకార కుటుంబపు అమ్మాయికి డాక్టరేట్ రావడం. జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు వేశారు. శాలువా కప్పుకున్న ఆ అమ్మాయి ఫొటో, పక్కన నా భుజం సగం. ఆ నాలుగు వాక్యాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్లకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. దాన్ని పేపరువాళ్లు రాయలేదు, మేమూ చెప్పలేదు. ఇప్పుడు పరిశోధన చేస్తున్న పిల్లలు ఎప్పుడైనా కలిస్తే ఇదే చెబుతుంటాను. ఒకసారి రాసి పెడితే నోటికి విశ్రాంతి అని కూర్చున్నాను.

నేను రాజమహేంద్రవరంలో భూగోళశాస్త్రం చెప్పేదాన్ని. మాది చిన్న శాఖ. ఎవరైనా భూగోళం అనగానే "అంటే మ్యాపులా అండి?" అంటారు. అవునండి, మ్యాపులే. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది కూడా ఒక మ్యాపు పట్టుకునే. వాళ్లది ఉప్పాడ తీరం. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. పీహెచ్‌డీకి ఏ అంశం తీసుకుంటావని అడిగితే, ఆ మ్యాపు నా బల్ల మీద పరిచి, సముద్రపు నీలం రంగు మీద వేలు పెట్టింది.

"ఇక్కడ మా తాతగారి ఇల్లు ఉండేదండి. మా ఊరు ఎంత పోయిందో, ఇంకెంత పోతుందో తేల్చాలి మేడం."

అప్పటికి వాళ్లున్నది మూడో ఇల్లు. మొదటిది ఆమె పుట్టకముందే సముద్రంలో కలిసింది. రెండోదాంట్లో ఆమె అక్షరాలు నేర్చుకుంది. అది ఉన్న చోట ఇప్పుడు అలలు విరుగుతున్నాయి.

పరిశోధన చాలా ఏళ్లు నడిచింది. ఉపగ్రహం తీసిన బొమ్మలు ఎన్ని చూసినా, ఒడ్డు ఎంత వాలుగా ఉంది, ఇసుక ఎంత తగ్గింది అన్నది మాత్రం అక్కడికి వెళ్లి కొలవాల్సిందే. కొలవడానికి ఇద్దరు కావాలి. ఒకరు పరికరంలోంచి చూస్తారు, ఇంకొకరు అంకెలున్న పొడుగాటి కర్ర నిటారుగా పట్టుకుని నీళ్ల దాకా నడుస్తారు. ఆ రెండో మనిషి ఆమె మేనమామ. వేట లేని రోజు చూసుకుని వచ్చేవాడు. అలల్లో కర్ర కదలకుండా నిలబడటం ఎంత కష్టమో ఒకసారి నేను ప్రయత్నించి, చీర మొత్తం తడుపుకుని తెలుసుకున్నాను. ఆయన మాత్రం పాతేసిన స్తంభంలా ఉండేవాడు.

అలాంటి ఒక రోజున ఆయన నన్నడిగాడు. "మేడం గారూ, ఈ కొలతలన్నీ అయ్యాక గోడ కట్టేస్తారు కదండీ?"

"చూడాలండి. కొలతలు పూర్తయితేగాని ఏమీ చెప్పలేం" అన్నాను.

మేష్టర్లు అలాగే మాట్లాడతారు. ఆయన దాన్ని అవునన్నట్టే తీసుకున్నాడని నాకు తట్టలేదు.

కొలతలు పూర్తయ్యాయి. తేలింది ఏమిటంటే, రాళ్లు పేర్చిన చోట సముద్రం కొంత ఆగుతోంది, ఆ పక్కనే ఇసుకని ఇంకా ఎక్కువగా తింటోంది. గోడ ఒక్కదాన్నే నమ్ముకుంటే ముందు వరసల ఇళ్లు నిలవవు. ఊరు కొంచెం వెనక్కి జరగాలి. ఆమె చివరి అధ్యాయంలో ఆ ముక్క అలాగే రాసుకొచ్చింది. నేను చదివి, "ఇంత సూటిగా ఎందుకు? ఈ విషయంలో మరింత పరిశోధన అవసరం అని రాసేయరాదూ?" అన్నాను. మా వృత్తిలో ఆ వాక్యం గొడుగులాంటిది. వానొచ్చినా ఎండొచ్చినా కిందికి దూరిపోవచ్చు.

"మరింత పరిశోధన అయ్యేలోపు మా వీధి ఉండదు మేడం" అంది.

ఆ ముక్క అలాగే ఉంచి సంతకం పెట్టాను. గ్రంథం వెళ్లింది, పరీక్షకులు ఒప్పుకున్నారు, వైవాకి రోజు ఖాయమైంది.

వైవా అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. రాసిన గ్రంథం గురించి అందరి ముందు మాట్లాడి, అడిగినవాటికి జవాబు చెప్పడం. బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక పరీక్షకుడు వస్తాడు. నోటీసులో "ఆసక్తి ఉన్నవారెవరైనా హాజరు కావచ్చు" అని ఉంటుంది. ఆ మాట నేను వచ్చినప్పటి నుంచీ ఉంది. అది నమ్మి వచ్చినవాళ్లని నేనెప్పుడూ చూడలేదు. అభ్యర్థి స్నేహితులు నలుగురు, సమోసాల కబురు తెలిసిన పక్క శాఖవాళ్లు నలుగురు వస్తారు. చివర్లో ఎవరో ఒకరు, "భవిష్యత్తులో ఈ అంశంపై పరిశోధనకి అవకాశం ఎంత?" అని అడుగుతారు. చాలా ఉందండి అంటాం. చప్పట్లు.

ఆ రోజు ఉదయం గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ అతను ఫోను చేశాడు.

"మేడం గారూ, ఉప్పాడ నుంచి బస్సు వచ్చిందండి. నిండా జనవేనండి. ఆడాళ్లూ, ముసిలోళ్లూ. ఏదో పరీక్ష చూడ్డానికొచ్చేం అంటున్నారు. పంపమంటారా?"

మా శాఖాధిపతిని అందరూ హెడ్ గారనేవాళ్లం. భీమవరం వైపు రైతు కుటుంబం ఆయనది. నీళ్లు గట్టు దాటకూడదు, మనుషులు నిబంధన దాటకూడదు అనే మనిషి. సంగతి చెప్పగానే కుర్చీలోంచి లేచిపోయారు.

"ధర్నాయా అండి?"

"కాదండి. వైవాకి వచ్చారు."

"వైవాకి అంతమంది ఎందుకు వస్తారండి?"

ఆ అమ్మాయిని పిలిచి అడిగాను. పట్టుచీర కట్టుకుని, కంప్యూటరు తీగలు సర్దుకుంటోంది. "నేనే రమ్మన్నానండి. నోటీసుని తెలుగులో రాసి మా ఊళ్లో ఐసు దుకాణం గోడకి అంటించేను. ఎవరైనా రావచ్చు అని ఉంది కదండీ."

"చివరి అధ్యాయంలో ఏముందో వాళ్లకి తెలుసా?"

"తెలీదండి. వాళ్ల ఊరు గురించి వాళ్లు లేనిచోట చెప్పి పట్టా తెచ్చుకోడం నాకు నచ్చలేదు మేడం."

హెడ్ గారు నిబంధనల పుస్తకం తెప్పించి చూశారు. వద్దనడానికి అందులో ఏమీ దొరకలేదు. దొరకనందుకు కొంచెం నిరాశపడ్డారు గాని, ఆ తర్వాత మా అటెండరుచేత పక్క తరగతి బల్లలు మోయించింది ఆయనే. చొక్కా చేతులు మడుచుకుని తనూ ఒక చెయ్యి వేశారు.

పరీక్షకుడు కేరళ నుంచి వచ్చిన పెద్దాయన. తెలుగు ఒక్క ముక్క రాదు. హాల్లోకి అడుగుపెట్టి, నిండిన బల్లలు చూసి, నా వైపు తిరిగి కనుబొమలెగరేశారు. వీళ్లంతా అభ్యర్థి ఊరివాళ్లని చెప్పాను. ఆయన వెళ్లి కూర్చున్నారు.

అమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నిబంధన అది. ఊరివాళ్లు అర్థం కాకపోయినా గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. తెర మీద ఉపగ్రహం బొమ్మ పడగానే మాత్రం గుసగుస లేచింది. "అదిగో మన రేవు", "ఆ పక్కనుంది చర్చీ కదా" అని ఒకరికొకరు వేళ్లతో చూపించుకున్నారు. వాళ్ల మొహాలు చూసి నాకూ సంతోషమేసింది. ఆ తరవాత అదే బొమ్మ మీద, ఇళ్ల వెనకగా, ఊరు ఎక్కడిదాకా జరగాలో చూపించే ఎర్రగీత వచ్చింది. మేనమామ పక్కన కూర్చున్న మా విద్యార్థి వైపు ఒరిగి ఏదో అడిగాడు. కుర్రాడు చెవిలో చెప్పాడు. ఆయన మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. ఆ కదలిక నాకు తెలుసు. కర్ర పట్టుకున్నప్పుడు అలాగే ఉంటాడు.

పరీక్షకుడు అడిగినవాటికి అమ్మాయి తడబడకుండా జవాబు చెప్పింది. ఎకనామిక్స్ శాఖాయన లేచి భవిష్యత్తు పరిశోధన గురించి అడిగారు. చాలా అవకాశం ఉందని చెప్పింది. ఇంకెవరైనా అడగొచ్చని హెడ్ గారు అలవాటుగా అనేసి, కాగితాలు సర్దుకోబోయారు.

"నేనడగొచ్చా అండి?"

మేనమామ నిలబడ్డాడు. హెడ్ గారు నా వైపు చూశారు. ఏ భాషలో అడగాలో నిబంధనల్లో లేదు. "అడగండి" అన్నాను.

ఆయన వేదికని చూడలేదు. మేనకోడలినే చూశాడు. "ఇన్నేళ్లు నన్ను నీళ్లలో నిలబెట్టేవు. ఎండనలేదు, వాననలేదు, నువ్వు పిలిస్తే వచ్చేను. గోడ కోసం అనుకున్నాను. ఇప్పుడేమో ఊరు ఖాళీ చేయమని రాసేవంట. ఏమ్మా, నువ్వు చదువుకుంది మమ్మల్ని ఊళ్లోంచి లేపడానికా?"

పరీక్షకుడు నా వైపు వంగి, ఏమంటున్నారని అడిగారు. నేను నోరు తెరిచాను. ఒక మర్యాద వాక్యం అప్పటికే సిద్ధమైపోయింది నా దగ్గర. స్థానికుల అభిప్రాయం కూడా ముఖ్యమని ఆయన సూచిస్తున్నారు, అన్నట్టుగా. కానీ నాకంటే ముందు ఆ అమ్మాయే మొదలుపెట్టింది.

"ఆయన మా మేనమామ అండి" అని ఇంగ్లీషులో చెప్పి, అడిగినదంతా వరసగా అనువదించింది. నీళ్లలో నిలబెట్టావన్నది, గోడ కోసం అనుకున్నానన్నది, నీ చదువు మమ్మల్ని లేపడానికా అన్నది, ఏదీ వదలలేదు. పిలిస్తే వచ్చాననే మాట దగ్గర ఒక్కసారి ఆగింది. నేల చూసి, మళ్లీ అందుకుంది.

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కర్ర పట్టుకున్నది మీరేనా?" అని అడిగారు. అమ్మాయి తెలుగులో చెప్పింది.

"ఆయ్, నేనేనండి."

"అయితే మీరే చెప్పండి. ఈ అమ్మాయి కొలతల్లో తప్పుందా?"

హెడ్ గారి కలం ఆగిపోయింది. కోపంలో ఉన్న మనిషి. తప్పుందని ఒక్క మాట అంటే చాలు, అది అందరి ముందూ అన్న మాట అవుతుంది. ఆ ప్రశ్నని అనువదించేటప్పుడు కూడా అమ్మాయి ఒక్క అక్షరం మార్చలేదు.

ఆయన భుజమ్మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"కొలతలో తప్పు లేదండి. తప్పని నేనెలా అంటాను, కర్ర పట్టుకుంది నేనైతే? అది సరిగ్గానే రాసుకుంది. నా బాధ కొలత మీద కాదండి. దాని చివరన రాసిన మాట మీద."

అమ్మాయి అది కూడా ఇంగ్లీషులో చెప్పింది.

పరీక్షకుడు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "నా ప్రశ్నలు అయిపోయాయి. ఇప్పుడు ఆయన ప్రశ్నకి జవాబు చెప్పు. నాకు కాదు, ఆయనకి."

ఆ అమ్మాయి తెర దగ్గర్నుంచి నడిచి, బల్లల మధ్యకి వచ్చింది.

"మావయ్యా, గోడ వద్దని నేను రాయలేదు. కట్టినా మన వరస నిలవదని రాసేను. అది నాకు తెలిసిపోయింది. నువ్వు పట్టుకున్న కర్రే చెప్పింది. తెలిసి కూడా నీకోసం గోడ అని రాసేననుకో, పట్టా వచ్చేస్తుంది, నువ్వూ సంతోషిస్తావు. తర్వాత నీళ్లు ఇంట్లోకొచ్చిన రోజున, నీకు తెలుసు కదే అని నువ్వడిగితే నేనేం చెప్పాలి?"

వెనక నుంచి ఒక ముసలామె అందుకుంది. "వెనక్కంటే ఎక్కడికే? ఆమధ్య ఆఫీసరోళ్లు దూరంగా ఏదో కాలనీ అన్నారు. అక్కడుంటే పడవెవడు చూస్తాడు, వలెవడు మోస్తాడు?"

"అంత దూరం కాదమ్మమ్మా. నడిచి రేవుకెళ్లేంత దగ్గర్లో ఉండాలని రాసేను. పడవలు లాగే దారి వదలాలనీ, చోటు మనోళ్లే చూసుకోవాలనీ రాసేను. అవన్నీ అందులోనే ఉన్నాయి."

"ఆ ముక్కలన్నీ ఇంగ్లీషులో చెప్పేస్తే మాకెలా తెలుస్తాయే?" అన్నాడు మేనమామ.

హాల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి అందరికీ ఊపిరి వచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"ఇక్కడికొచ్చింది ఒక్క బస్సు జనం. మనూరొచ్చి చెప్పు, అందరి ముందూ. వాళ్లేమంటారో చూద్దాం" అని కూర్చున్నాడు.

"వస్తాను" అందామె.

అందర్నీ బయటికి పంపి మేం మాట్లాడుకోవడం, సంతకాలు, ప్రకటన, చప్పట్లు, శాలువా, ఫొటో. పేపరువాళ్లు రాసింది ఇక్కడి నుంచి. ఆ గోలలో అమ్మాయి వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పాసేనా అండి?"

"పాసేనమ్మా."

"మరి మా తమ్ముడు అలా అడిగేసేడు కదండీ?"

"అందుకే ఇంకా గట్టిగా పాసైంది" అన్నాను. ఆమెకి అర్థమైందో లేదో గాని, వెళ్లి తమ్ముడి పక్కన నిలబడింది.

భోజనం పదిమందికే చెప్పి ఉంచాం. మా అటెండరు ఎవరినీ అడక్కుండా హాస్టల్ మెస్‌కి వెళ్లి గంగాళంతో పులిహోర పట్టుకొచ్చేశాడు. ఊరివాళ్లు కూడా ఊరికే రాలేదు. పట్టా ఇచ్చే సారు కోసమని క్యారేజీ నిండా రొయ్యల కూర తెచ్చారు. ఆయన హోటల్ భోజనం పక్కనపెట్టి వాళ్ల మధ్య కూర్చున్నారు. ముసలామె ఎదురుగా నిలబడి, ఆయన రొయ్య ఒలుచుకునే తీరు చూసి, "మనోడేలే" అని తీర్పు చెప్పింది. మేనమామ తినలేదు. చెట్టు కింద నిలబడి మంచినీళ్లు తాగి, అందరికంటే ముందు బస్సెక్కి కూర్చున్నాడు.

ఇది చదివే పిల్లలకి ఒక మాట. పరిశోధనలో ఎవరి గురించి రాస్తున్నారో వాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకోవడం సుఖమైన పని కాదు. నేను ఎన్నో వైవాలు చేయించాను. గొడుగు కింద నిలబడి చేయించినవే ఎక్కువ. అవీ తప్పేం కాదు. కానీ వృత్తిలో నాకు బాగా గుర్తున్న రోజేదంటే, ఆ రోజే అని చెబుతాను.

తరవాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతోంది. ఊళ్లో ముందు వరసలో ఇంకా కొందరు ఉన్నారు. సరుగుడు తోట వైపు కొన్ని కొత్త ఇళ్లు లేచాయి, అనుకున్నన్ని కాదు. ఒకరిద్దరు నన్ను చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటారు. వాళ్ల కోపం వాళ్లది.

వైవా అయ్యాక వచ్చిన ఆదివారం, చర్చి నుంచి అటే ఉప్పాడ వెళ్లాను. వెళ్లేసరికి హెడ్ గారి కారు అక్కడ ఆగి ఉంది. "శాఖ తరఫున ఒకరుండాలి కదండీ" అన్నారు, నేనడక్కుండానే.

వలలు బాగుచేసుకునే పాక కింద జనం కూర్చున్నారు. తెర లేదు, కంప్యూటరు లేదు. అమ్మాయి ఇసుకలో పుల్లతో గీసి, రాళ్ల పక్కన అల ఎలా తిరుగుతుందో, ఇసుక ఎటు పోతుందో చెప్పింది. హాల్లో కంటే ఇక్కడ ప్రశ్నలు ఎక్కువ. కొందరు అరిచారు. ఒక కుర్రాడు "గోడ కట్టిస్తామని ఓట్లడిగినోళ్లని వదిలేసి మాకు చెప్తావేంటి?" అని లేచి వెళ్లిపోయాడు. ఆమె అందరికీ ఓపిగ్గా చెప్పింది. చెప్పలేనిచోట తెలీదని ఒప్పుకుంది.

మేనమామ అంతసేపూ ఒక చివర కూర్చుని వల కుడుతున్నాడు. మాటలు సద్దుమణిగాక వల పక్కన పెట్టి లేచాడు.

"సరేలే. ఎక్కడిదాకానో చూపించు" అన్నాడు.

ఒడ్డుకేసి మొహం పెట్టి, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. తన ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "ఇక్కడా?" అని అరిచాడు.

"ఇంకా వెనక్కి, మావయ్యా."

ఇంటి పక్కనుంచి, చేపలు ఆరేసిన తడికలు దాటుకుని వెళ్లాడు. కోళ్లు చెదిరిపోయాయి. జనం ఆయన వెనకే కదిలారు. ప్రతిచోటా ఆగి అడిగాడు. ప్రతిసారీ ఆమె ఇంకా అంది. ఒకసారి మాత్రం చేత్తో చూపించింది. అలా సరుగుడు చెట్ల మొదలు దాకా వెళ్లాక, "అక్కడ" అంది.

ఆయన ఆగాడు. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తన ఇంటి కప్పు మీదుగా సముద్రం వైపు చాలాసేపు చూశాడు.

"పడవ కనబడుతుంది" అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఆ తరవాత ఇంటి వైపు తిరిగి భార్యని కేకేశాడు. "ఏమే, ఇలా రా. ఇక్కడ నిలబడి చూడు."